పీహెచ్ మారితే బ్యాక్టీరియా ఎలా పెరుగుతుంది: ల్యాబులో చేసి చూడటానికి సమగ్ర మార్గదర్శి

డిగ్రీ మైక్రోబయాలజీ రికార్డుల్లో ఈ ప్రయోగానికి గీసే గ్రాఫు దాదాపు ఒకేలా ఉంటుంది. అడ్డగీత మీద పీహెచ్ (ద్రవం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 4 నుంచి 10 వరకు, నిలువుగీత మీద పెరుగుదల, 7 దగ్గర శిఖరం, అటూ ఇటూ నున్నగా దిగే వాలు. ప్రయోగం నిజంగా చేసినవాళ్లకు మాత్రం అంత నున్నటి గీత రాదు. 6, 7, 8 మూడూ ఒకే ఎత్తులో వచ్చి కూర్చుంటాయి. 5 దగ్గర మూడు ట్యూబుల్లో రెండు తేటగా ఉంటే ఒకటి మసకబారుతుంది. 9 దగ్గర మొదటి రోజు ఏమీ లేదనుకున్నది రెండో రోజుకి పెరిగి కనిపిస్తుంది. అప్పుడు సీనియర్ల రికార్డు తెచ్చి అంకెలు సర్దేయడం మామూలే.

సర్దాల్సిన పనేమీ లేదు. ఆ వంకరటింకర అంకెల్లోనే అసలు విషయం ఉంది. మనం ఒక పీహెచ్ పెట్టి ఇస్తే బ్యాక్టీరియా దాన్ని అలాగే ఉంచదు, పెరుగుతూ పెరుగుతూ తనే మార్చేస్తుంది. అందుకని ఈ ప్రయోగంలో పీహెచ్‌ని మొదట్లోనూ కొలవాలి, చివర్లోనూ కొలవాలి. చాలా మాన్యువల్స్‌లో ఈ రెండో కొలత ఉండదు. దాన్ని చేర్చి, మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ట్యూబులు పట్టుకునే ముందు తెలియాల్సింది

పీహెచ్ కొలమానాన్ని 1909లో సోరెన్ సోరెన్సెన్ ప్రవేశపెట్టాడు. కోపెన్‌హాగన్‌లో బీరు కంపెనీకి చెందిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైముల మీద పనిచేస్తున్నప్పుడు ఆయనకి దీని అవసరం పడింది. ఇది లాగరిథమ్ స్కేలు కాబట్టి ఒక్క అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు 10 రెట్లు పెరిగినట్టు. 7 నుంచి 5కి దిగితే 100 రెట్లు, 4కి దిగితే 1000 రెట్లు. రికార్డులో 7, 6, 5 పక్కపక్కనే కనిపించినా బ్యాక్టీరియాకి అవి చాలా దూరం.

బయట ఆమ్లం పెరిగినంత మాత్రాన కణం లోపల కూడా అంతే పెరగదు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాని చూడండి. బయట పీహెచ్ 5.5 ఉన్నా 8.5 ఉన్నా లోపల సుమారు 7.6 దగ్గరే నిలుపుకుంటుంది. లోపలి ఎంజైములన్నీ ఆ పీహెచ్‌కి అలవాటు పడినవి. అమైనో ఆమ్లాల మీద ఉండే విద్యుదావేశాలు మారితే ఎంజైము ఆకారం మారుతుంది, పని మందగిస్తుంది. కాబట్టి బయట ఆమ్లం ఎక్కువైతే లోపలికి చొరబడే ప్రోటాన్లను, అంటే హైడ్రోజన్ అయాన్లను, కణం పంపుతో తోడి బయటికి పోయాలి. దానికి శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చుకి పోగా మిగిలిన దానితోనే పెరుగుదల.

క్షారం వైపు ఇబ్బంది వేరు. మామూలుగా బ్యాక్టీరియా ప్రోటాన్లను పొర బయటికి పంపి, అవి తిరిగి లోపలికి వచ్చే దారిలో కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువుని తయారుచేసుకుంటుంది. బయట పీహెచ్ 9, 10 అయితే అక్కడ ప్రోటాన్లే కరువు. పైగా లోపలి పీహెచ్ ఎక్కువ కాకుండా ప్రోటాన్లను లోపలికి లాక్కోవాలి. ఈ పనికి బ్యాక్టీరియా సోడియం అయాన్‌ని బయటికి పంపి ప్రోటాన్‌ని లోపలికి తెచ్చే మార్పిడి ప్రోటీన్లను వాడుతుంది. క్షారం వైపు ప్రయోగాల్లో మీడియంలో (బ్యాక్టీరియాని పెంచే పోషక పదార్థంలో) ఉప్పు ఎంత ఉందో రాసి పెట్టమనేది ఇందుకే.

మనకి రోగాలు తెచ్చే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం 6.5–7.5 మధ్య హాయిగా పెరుగుతుంది. పెరుగు, దోసెపిండి పులిసేలా చేసే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా 4 దగ్గర కూడా నిలబడుతుంది. ఇనుము, గంధకం మీద బతికే ఎసిడిథయోబ్యాసిలస్ లాంటివి 2 దగ్గర పెరుగుతాయి. ఇటు చివర మహారాష్ట్రలోని లోనార్ సరస్సు ఉంది. ఆ నీటి పీహెచ్ 9 దాటే ఉంటుంది, అందులో కూడా క్షారాన్ని ఇష్టపడే బ్యాక్టీరియా నిక్షేపంగా బతుకుతోంది.

ఏ బ్యాక్టీరియా తీసుకోవాలి

మొదటిసారి చేసేవాళ్లకి ఈ.కోలై కే-12 రకం, దానికి తోడు బ్యాసిలస్ సబ్టిలిస్ చాలు. రెండూ న్యూట్రియంట్ బ్రాత్ అనే ద్రవ మీడియంలో పెరుగుతాయి, రెండూ వేగంగా పెరుగుతాయి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం నుంచి కాలేజీ పేరు మీద తెప్పించుకోవచ్చు. మురుగు కాలవ నుంచో, బాత్రూమ్ నుంచో తెచ్చిన తెలియని బ్యాక్టీరియాతో మాత్రం ఈ ప్రయోగం వద్దు. ప్రమాదం సంగతి అటుంచితే, అందులో నాలుగైదు రకాలు కలిసి ఉంటాయి కాబట్టి వచ్చిన గీత దేనిదో ఎవరూ చెప్పలేరు.

పెరుగు నుంచి లాక్టోబ్యాసిలస్ తీసి ఈ.కోలైతో పోల్చాలని చాలామందికి ఉంటుంది. ఆలోచన మంచిదే కానీ ఒక చిక్కుంది. లాక్టోబ్యాసిలస్ న్యూట్రియంట్ బ్రాత్‌లో సరిగా పెరగదు, దాని కోసమే తయారుచేసిన ఎంఆర్ఎస్ మీడియం కావాలి. పోలిక కోసం ఈ.కోలైని కూడా ఎంఆర్ఎస్‌లో వేస్తే, అందులో లీటరుకి 5 గ్రాముల సోడియం అసిటేట్ ఉంటుంది. తక్కువ పీహెచ్ దగ్గర అసిటేట్ ఒక్కటే ఈ.కోలైని నొక్కేయగలదు. ఎందుకో తర్వాత చెప్తాను.

మీడియం తయారీ

పీహెచ్ 4, 5, 6, 7, 8, 9, 10: మొత్తం ఏడు స్థాయిలు. ఒక్కో స్థాయికి ఐదేసి ట్యూబులు, ఒక్కో ట్యూబులో 10 మి.లీ. బ్రాత్. ఐదింట్లో మూడు బ్యాక్టీరియా వేయడానికి, ఒకటి ఏమీ వేయకుండా బ్లాంక్‌గా ఉంచడానికి, ఇంకోటి ఆటోక్లేవ్ (ఒత్తిడిలో ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపడం) తర్వాత పీహెచ్ చూడటానికి. మొత్తం 35 ట్యూబులు. ఇది ఒక్క బ్యాక్టీరియాకి లెక్క. రెండోదానికి మూడేసి ట్యూబులు చేర్చుకోవాలి, బ్లాంక్ రెండింటికీ అదే చాలు.

దీనికి 400 మి.లీ. బ్రాత్ కలపండి. మార్కెట్లో దొరికే న్యూట్రియంట్ బ్రాత్ పొడి మామూలుగా లీటరుకి 13 గ్రాములు, అంటే ఇక్కడికి 5.2 గ్రాములు. అందులో పెప్టోన్ 5, ఉప్పు 5, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ 1.5, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 1.5 గ్రాముల చొప్పున ఉంటాయి. మీ డబ్బా మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. కలిపాక ఏడు ఫ్లాస్కుల్లోకి 55 మి.లీ. చొప్పున పోయండి.

ఘన మీడియం, అంటే అగార్ ప్లేట్లు ఎందుకు వద్దంటే, పీహెచ్ 4, 5 దగ్గర అగార్‌ని ఆటోక్లేవ్ చేస్తే ఆమ్లం, వేడి కలిసి దాన్ని విరగ్గొడతాయి. చల్లారాక గడ్డకట్టకుండా జావలా మిగులుతుంది. ప్లేట్లే కావాలంటే రెట్టింపు గాఢతలో బ్రాత్, అగార్ విడివిడిగా ఆటోక్లేవ్ చేసి, పోసే ముందు కలుపుకోవాలి.

పీహెచ్ మీటరుని నమ్మే ముందు

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఎలక్ట్రోడ్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఉంచే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. అది మానాలి. లోపలి పొటాషియం క్లోరైడ్ మెల్లగా బయటికి పోయి, రీడింగు ఎంతసేపటికీ నిలబడదు. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచండి.

మీటరుని ముందు 7.0 బఫర్‌తో (పీహెచ్ అంత తేలిగ్గా మారని ద్రావణంతో), తర్వాత 4.0తో, ఆ తర్వాత 9.2తో సరిచేయండి. 7, 4 మాత్రమే చూసి ఆపేస్తే క్షారం వైపు రీడింగుని నమ్మడానికి లేదు. బఫర్ గది ఉష్ణోగ్రతలో ఉండాలి, ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వాడొద్దు. బఫర్‌కీ బఫర్‌కీ మధ్య ఎలక్ట్రోడ్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, టిష్యూతో నీటిని అద్దండి. గాజు బల్బుని రుద్దితే దాని మీద స్థిర విద్యుత్ చేరి అంకె గంతులేస్తుంది.

పీహెచ్ కాగితాలతో పని కాదా అంటే, స్థూలంగా అవుతుంది. కానీ బ్రాత్‌కి తనదైన పసుపు రంగు ఉంటుంది. 1 నుంచి 14 వరకు చూపే కాగితం మీద 6కీ 7కీ తేడా చెప్పడం కష్టం. కాగితమే గతి అనుకుంటే 0.5 తేడా చూపే చిన్న పరిధి కాగితాలు కొనండి.

పీహెచ్ సరిచేయడం

బ్రాత్ మొదట్లో 7.4 దగ్గర ఉంటుంది. తగ్గించడానికి 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెంచడానికి 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ వాడతాం. ఫ్లాస్కుని మాగ్నెటిక్ స్టిర్రర్ మీద పెట్టి చుక్క చుక్కగా వేయండి. వేసిన ప్రతిసారీ అంకె నిలబడేదాకా ఆగండి. దాటిపోతే వెనక్కి తేవడానికి రెండోది వేస్తూ పోకండి. ఆమ్లం, క్షారం కలిసి ఉప్పవుతుంది, ఆ ఫ్లాస్కులో ఒక్కదాంట్లోనే ఉప్పు పెరిగిపోతుంది. పారబోసి కొత్తగా కలిపి తీసుకోవడమే మేలు. ఏ ఫ్లాస్కుకి ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోండి.

బఫర్ వేయాలా వద్దా అనేది ఈ ప్రయోగంలో అసలు నిర్ణయం. వేయకపోతే బ్యాక్టీరియా పీహెచ్‌ని మార్చేస్తుంది, అది చూడటానికి బాగుంటుంది. వేస్తే పీహెచ్ చాలావరకు నిలబడుతుంది, అప్పుడు పెరుగుదల వేగాన్ని ఫలానా పీహెచ్‌కి జత చేసి చెప్పే ధైర్యం వస్తుంది. బీఎస్సీ స్థాయిలో మొదట బఫర్ లేకుండా చేయమంటాను. ఆ తర్వాత ఆసక్తి ఉంటే 7 దగ్గర ఫాస్ఫేట్, 8 దగ్గర ట్రిస్, 9.5 దగ్గర గ్లైసీన్ వాడి మళ్లీ చేయొచ్చు. ఫాస్ఫేట్‌ని 8 దాటాక నమ్ముకోవద్దు. కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెల్లగా అడుగున చేరుతుంది, దూరం నుంచి చూస్తే పెరుగుదల లాగే ఉంటుంది.

ఆటోక్లేవ్, ఆ తర్వాత మళ్లీ కొలత

ట్యూబుల్లోకి 10 మి.లీ. చొప్పున పోసి, దూది ప్లగ్గులు పెట్టి, 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 పౌండ్ల ఒత్తిడిలో 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి. బయటికి తీసి పూర్తిగా చల్లారనివ్వండి. ప్రతి స్థాయి నుంచి ఐదో ట్యూబు తెరిచి పీహెచ్ కొలవండి. 7 పెట్టింది 6.8 అయి ఉండొచ్చు, 10 పెట్టింది 9.6కి దిగి ఉండొచ్చు. కంగారు పడక్కర్లేదు. గ్రాఫులో అడ్డగీత మీద వేయాల్సింది ఇప్పుడు వచ్చిన అంకె. మనం అనుకున్న 7, 10 కాదు.

క్షారం వైపు ట్యూబులు గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని రోజురోజుకీ దిగుతాయి. తయారుచేసి వారం ఆగి వాడితే పెట్టిన పీహెచ్ మిగలదు. తయారైన రోజో, మర్నాడో వాడేయండి.

బ్యాక్టీరియా వేయడం

ముందు రోజు సాయంత్రం మామూలు పీహెచ్ ఉన్న బ్రాత్‌లో ఈ.కోలై వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచండి. మర్నాడు దాన్ని అదే బ్రాత్‌తో పలచన చేసి 600 నానోమీటర్ల కాంతి దగ్గర ఓడీని (ద్రవం ఎంత మసకగా ఉందో చెప్పే అంకెని) 1.0కి తెచ్చుకోండి. ఇందులోంచి ఒక్కో ట్యూబుకి 0.2 మి.లీ. వేస్తే మొదలయ్యే ఓడీ సుమారు 0.02 వస్తుంది.

రాత్రంతా పెరిగి అలసిపోయిన కణాలు, మంచి ఊపులో పెరుగుతున్న కణాలు ఆమ్లాన్ని ఒకేలా తట్టుకోవు. ఎదుగుదల ఆగిన దశలో ఈ.కోలై ఆమ్లాన్ని తట్టుకునే ఏర్పాట్లన్నీ ముందే చేసుకుని ఉంటుంది. కాబట్టి పీహెచ్ 4 ట్యూబులో పాత కల్చర్ (పెంచి ఉంచిన బ్యాక్టీరియా ద్రవం) వేసినవాళ్లకి ప్రాణాలతో మిగిలిన కణాలు ఎక్కువ కనిపిస్తాయి. ఇద్దరు విద్యార్థుల ఫలితాలు కలవకపోతే ముందు అడగాల్సిన ప్రశ్న ఎన్ని గంటల కల్చర్ వాడావని.

రీడింగులు ఎప్పుడు తీసుకోవాలి

అందరూ 24 గంటల తర్వాత ఒకే ఒక్క రీడింగు తీసుకుంటారు. 6, 7, 8 ఒకే ఎత్తులో రావడానికి కారణం అదే. ఈ.కోలై 7 దగ్గర తొందరగా, 6 దగ్గర ఇంకాస్త నిదానంగా పెరిగినా, 24 గంటలకి ఆహారం అయిపోయి అన్నీ ఒకే చోటికి చేరి ఆగుతాయి. తేడా ఉండేది వేగంలో, అది మొదటి కొన్ని గంటల్లోనే దొరుకుతుంది.

అందుకని 0, 1, 2, 3, 5, 24 గంటల దగ్గర తీసుకోండి. ప్రతిసారీ మంట దగ్గర 1 మి.లీ. తీసి 600 నానోమీటర్ల దగ్గర ఓడీ చూడండి. స్పెక్ట్రోఫోటోమీటర్ లేకపోతే కలరిమీటర్‌లో 600కి దగ్గరగా ఉన్న ఫిల్టరు చాలు. దాని క్యువెట్‌కి 1 మి.లీ. సరిపోదనుకుంటే ట్యూబులు మానేసి, 250 మి.లీ. ఫ్లాస్కుల్లో 50 మి.లీ. చొప్పున చేయండి. బ్లాంక్‌గా అదే పీహెచ్ ఉన్న, బ్యాక్టీరియా వేయని ట్యూబునే వాడాలి. 9, 10 దగ్గర ఆటోక్లేవ్ అయిన బ్రాత్ రంగు ముదురుతుంది, కొంచెం మడ్డి కూడా చేరుతుంది. దానికి 7 బ్రాత్‌ని బ్లాంక్‌గా పెడితే లేని పెరుగుదల ఉన్నట్టు వస్తుంది. ఓడీ 0.5 దాటితే పలచన చేసి చూసి, ఆ రెట్లతో గుణించండి.

వేగం లెక్క సులువే. పెరుగుదల ఊపులో ఉన్న రెండు రీడింగులు తీసుకోండి. 1 గంట దగ్గర 0.05, 2 గంటల దగ్గర 0.20 అనుకుందాం. నాలుగు రెట్లు అయింది, అంటే గంటలో రెండుసార్లు రెట్టింపైంది, అంటే 30 నిమిషాలకోసారి. లెక్క ఇంత గుండ్రంగా రానప్పుడు రెండు ఓడీల నిష్పత్తికి సహజ లాగరిథమ్ తీసి, మధ్యలో గడిచిన గంటలతో భాగించండి. వచ్చిన సంఖ్యతో 0.693ని భాగిస్తే రెట్టింపయ్యే కాలం గంటల్లో వస్తుంది. గ్రాఫులో నిలువుగీత మీద ఈ వేగాన్ని వేసి చూడండి. 24 గంటల ఓడీతో గీసిన బల్లపరుపు గ్రాఫుకీ దీనికీ పోలికే ఉండదు.

చివరి పీహెచ్

24 గంటల రీడింగు అయ్యాక ప్రతి ట్యూబులో మిగిలిన 4 మి.లీ.ని సన్నటి ట్యూబులోకి వంచి పీహెచ్ కొలవండి. బ్యాక్టీరియా వేయని బ్లాంక్‌ది కూడా కొలవండి. 10 ట్యూబు దిగిందంటే అది బ్యాక్టీరియా పనో, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పనో బ్లాంక్ చూస్తే గానీ తెలియదు.

మామూలు బ్రాత్‌లో పెరిగిన ఈ.కోలై ట్యూబు 7 నుంచి పైకి జరిగి 8 దాటడం మామూలే. అందులో చక్కెర లేదు కాబట్టి అది పెప్టోన్‌లోని అమైనో ఆమ్లాల్నే తింటుంది, తిని అమ్మోనియా వదులుతుంది. 5 దగ్గర మొదలైన ట్యూబు కూడా పెరిగినకొద్దీ పైకి జరుగుతుంది. ఆమ్లంలో ఉన్నప్పుడు ఈ.కోలై కొన్ని అమైనో ఆమ్లాల నుంచి కార్బన్ డయాక్సైడ్‌ని విడగొట్టే ఎంజైములు తయారుచేస్తుంది, ఆ చర్యలో ప్రోటాన్లు ఖర్చవుతాయి. ఒకసారి 5 నుంచి 5.5కి తేగలిగిన ట్యూబు ఆ తర్వాత గబగబా పెరుగుతుంది, తేలేకపోయింది తేటగా మిగులుతుంది. మూడు ట్యూబుల్లో ఒకటే మసకబారడం వెనక ఉన్న సంగతి ఇదే.

ఇప్పుడు అదే బ్రాత్‌లో నూటికి 1 వంతు గ్లూకోజ్ కలిపి 7 దగ్గర ఒక సెట్ పెట్టండి. పీహెచ్ కిందికి పడుతుంది, 5 దగ్గరికి వచ్చేస్తుంది. బ్యాక్టీరియా మారలేదు, తిండి మారింది. మెడికల్ ల్యాబుల్లో చేసే మిథైల్ రెడ్ పరీక్షకి ఆధారం ఇదే. గ్లూకోజ్ ఉన్న బఫర్ మీడియంలో ఈ.కోలై ఎంత ఆమ్లం చేస్తుందంటే పీహెచ్ 4.4కి దిగి మిథైల్ రెడ్ అనే రంగు సూచిక ఎర్రగా నిలబడుతుంది.

పెరగలేదా, చచ్చిపోయిందా

తేటగా ఉన్న ట్యూబుని చూసి బ్యాక్టీరియా చనిపోయిందని రాయకండి. ఓడీ ఆ మాట చెప్పలేదు. అలాంటి ట్యూబు నుంచి 0.1 మి.లీ. తీసి మామూలు న్యూట్రియంట్ అగార్ ప్లేటు మీద పరిచి 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచండి. కాలనీలు వస్తే ఆ పీహెచ్ ఎదుగుదలని ఆపిందే గానీ చంపలేదు. రాకపోతే చంపింది. బ్యాసిలస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. దాని స్పోర్లు పెరగడానికి వీల్లేని పీహెచ్‌లో కూడా నిద్రలో ఉండి, మంచి ప్లేటు మీద పడగానే లేస్తాయి. పీహెచ్ 4 ట్యూబు నుంచి వచ్చిన బ్యాసిలస్ కాలనీల్ని చూసి అది ఆమ్లంలో పెరిగిందనుకోవద్దు.

ఒకే పీహెచ్, వేర్వేరు ఆమ్లాలు

ఇక్కడివరకు చేసినవాళ్లు ఈ భాగం మాత్రం వదలొద్దు. నన్నడిగితే మొత్తం ప్రయోగంలో ఎక్కువ నేర్పేది ఇదే.

100 మి.లీ. బ్రాత్ ఉన్న మూడు ఫ్లాస్కులు తీసుకోండి. మొదటిదాంట్లో 0.29 గ్రాముల ఉప్పు కలిపి పీహెచ్‌ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 5కి తెండి. రెండోదాంట్లో 0.41 గ్రాముల నీరులేని సోడియం అసిటేట్ కలపండి (నీరున్న మామూలు స్ఫటికాలైతే 0.68 గ్రాములు), పీహెచ్‌ని అదే ఆమ్లంతో 5కి తెండి. మూడోదాంట్లో కూడా అంతే అసిటేట్, పీహెచ్ మాత్రం 7. మూడింట్లోనూ కలిపిన సోడియం సమానం, 50 మిల్లీమోలార్. తర్వాత పైన చెప్పినట్టే ట్యూబుల్లో పోసి, ఆటోక్లేవ్ చేసి, ఈ.కోలై వేసి రీడింగులు తీసుకోండి.

మొదటిదాంట్లో నిదానంగానైనా పెరుగుతుంది. మూడోదాంట్లో బాగా పెరుగుతుంది. రెండోది బాగా వెనకబడుతుంది. మొదటిదానిలో ఉన్న పీహెచ్ 5 ఇందులోనూ ఉంది, మూడోదానిలో ఉన్న అసిటేట్ ఇందులోనూ ఉంది. విడివిడిగా అంత చేయలేనిది రెండూ కలిస్తే చేస్తాయి.

కారణం అసిటిక్ ఆమ్లపు పీకేఏ (ఆమ్లంలో సగం అయాన్లుగా విడిపోయి ఉండే పీహెచ్) 4.76 కావడం. పీహెచ్ 5 దగ్గర అందులో దాదాపు 36 శాతం అయాన్లుగా విడిపోకుండా ఉంటుంది, అంటే 50లో 18 మిల్లీమోలార్. ఆవేశం లేని ఈ అణువు కణపు పొరలోంచి సులువుగా లోపలికి జారుతుంది. లోపల 7.6 ఉంది కాబట్టి అక్కడ విడిపోయి ప్రోటాన్‌ని వదులుతుంది. కణం ఆ ప్రోటాన్‌ని బయటికి తోడుతుంటే ఇంకో అణువు లోపలికి వస్తుంది. పైగా విడిపోయిన అసిటేట్ అయాన్ బయటికి రాలేక లోపలే పేరుకుంటుంది. పీహెచ్ 7 దగ్గర విడిపోని భాగం 0.6 శాతం లోపే, 0.3 మిల్లీమోలార్ కూడా లేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో పూర్తిగా విడిపోతుంది కాబట్టి దానికి ఈ దొడ్డిదారి లేదు. లాక్టిక్ ఆమ్లానికి పీకేఏ 3.86. పీహెచ్ 5 దగ్గర విడిపోకుండా మిగిలేది 7 శాతమే, కాబట్టి ఈ దారిలో దాని దెబ్బ అసిటిక్ కంటే తక్కువ.

ఎంఆర్ఎస్ మీడియం గురించి పైన ఆపిన మాట ఇదే. సోడియం బెంజోయేట్ పుల్లటి జ్యూసుల్లో, సాసుల్లో పనిచేసినట్టు పీహెచ్ 7కి దగ్గరగా ఉన్న పదార్థాల్లో పనిచేయకపోవడానికీ కారణం ఇదే, బెంజోయిక్ ఆమ్లం పీకేఏ 4.2. కాబట్టి రికార్డులో ఈ పీహెచ్ దగ్గర పెరగలేదని మాత్రమే రాస్తే చాలదు. ఆ పీహెచ్ ఏ ఆమ్లంతో తెచ్చారో కూడా రాయాలి.

ల్యాబు లేనివాళ్లకి

మూడు కప్పుల్లో కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు, చిన్న పరిధి పీహెచ్ కాగితాలు, తోడు చాలు. ఒక కప్పులో పాలకి తోడు మాత్రమే వేయండి. రెండోదాంట్లో తోడుతో పాటు చిటికెడు వంటసోడా, మూడోదాంట్లో సోడా రెండు చిటికెలు. గంటగంటకీ కాగితం ముంచి చూడండి. పాలు 6.6 దగ్గర మొదలై, బ్యాక్టీరియా లాక్టోజ్‌ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేకొద్దీ దిగుతూ, 4.6 దగ్గరికి వచ్చేసరికి కేసీన్ అనే పాల ప్రోటీన్ గడ్డకట్టి పెరుగవుతుంది. సోడా కప్పులు 4.6కి చేరడానికి ఇంకా ఎక్కువ ఆమ్లం కావాలి, కాబట్టి ఆలస్యంగా తోడుకుంటాయి. సోడా ఎక్కువైన కప్పు తోడుకోకపోవచ్చు కూడా. ఈ కప్పుల్లోవి రుచి చూడకుండా పారబోయండి.

పాలు పాడవుతున్న సంగతి తెలియకుండా కొందరు సోడా కలపడం ఈ సూత్రం మీదే నడుస్తుంది. సోడా పులుపుని కప్పేస్తుంది, బ్యాక్టీరియాని తగ్గించదు. పైగా పీహెచ్‌ని 7 వైపు తోసి, పులుపుకి వెనకబడే రకాలకి మేలు చేస్తుంది. డెయిరీల్లో రోసాలిక్ ఆమ్లం చుక్కలు వేసి చూసేది దీన్ని పట్టుకోవడానికే. సోడా ఉంటే గులాబీ ఎరుపు వస్తుంది.

ఇక రొయ్యల చెరువులున్న భీమవరం, నెల్లూరు ప్రాంతాల వాళ్లకి పీహెచ్ రంగులు కొత్తేమీ కాదు. ఆక్వా ల్యాబుల్లో విబ్రియో అనే బ్యాక్టీరియా లెక్క కోసం వాడే టీసీబీఎస్ అనే అగార్ ప్లేటు పీహెచ్ 8.6. విబ్రియో క్షారాన్ని తట్టుకుంటుంది, మిగతావి చాలావరకు వెనకబడతాయి. ప్లేటు మీద పసుపు కాలనీలు, ఆకుపచ్చ కాలనీలు అని విడివిడిగా లెక్కపెట్టి రిపోర్టు ఇస్తారు. పసుపు కాలనీ అంటే అక్కడి బ్యాక్టీరియా ప్లేటులోని పంచదారని పులియబెట్టి ఆమ్లం చేసింది, ఆ ఆమ్లానికి సూచిక రంగు మారింది. ఆకుపచ్చవి పంచదారని ముట్టుకోనివి. కలరా అనుమానం ఉన్న శాంపిల్‌ని ఆసుపత్రి ల్యాబుల్లో ముందుగా 8.4–8.6 పీహెచ్ ఉన్న పెప్టోన్ నీళ్లలో వేసేది కూడా ఈ లెక్కతోనే.

రికార్డులో ఏం రాయాలి, చివర ఏం చేయాలి

ప్రతి స్థాయికీ అనుకున్న పీహెచ్, ఆటోక్లేవ్ తర్వాతి పీహెచ్, 24 గంటల తర్వాతి పీహెచ్, బ్లాంక్ చివరి పీహెచ్, పెరుగుదల వేగం, 24 గంటల ఓడీ, తేట ట్యూబుల ప్లేటు ఫలితం రాయండి. ఏ ఆమ్లం, ఏ క్షారం వాడారో, కల్చర్ వయసెంతో పైన ఒక లైనులో రాయండి. మూడు ట్యూబుల సగటుతో పాటు మూడు విడి అంకెలూ వేయండి. అంచుల దగ్గర, అంటే 5, 9 దగ్గర, సగటు ఒక్కటే వేస్తే చూసేవాళ్లకి ఏమీ అర్థం కాదు. ఈ.కోలై సుమారు 4.4 నుంచి 9 వరకు పెరగగలదని పుస్తకాల్లో ఉంటుంది. మీ పరిధి ఇంతకంటే ఇరుకుగా వస్తే దిద్దొద్దు, ఎందుకు వచ్చిందో రాయండి.

పనయ్యాక ట్యూబుల్ని సింకులో పోయకుండా ప్లగ్గులతో సహా మళ్లీ ఆటోక్లేవ్ చేసి, అప్పుడు కడగండి. కల్చర్‌లో ముంచిన ఎలక్ట్రోడ్‌ని ముందు 70 శాతం ఆల్కహాల్‌తో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. పెప్టోన్ పొర గాజు బల్బుకి అంటుకుపోతే తర్వాతి బ్యాచ్‌కి మీటరు నెమ్మదిస్తుంది.